లచ్చమ్మ పేరు మీద

నిన్నటి నుంచి రాములమ్మ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. అన్నం కలిపి ముందు పెడితే గోడవైపు తిరిగి పడుకుంది. కోడలు నిర్మల కంచం మీద మూత పెట్టింది, కాసేపాగి తీసి చూసింది, మళ్లీ పెట్టింది. మామిడిపల్లిలోని ఆ ఇంట్లో ఉన్నదే నలుగురు. ఆ నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా తిరుగుతున్నారంటే ఆ ఇల్లు ఎంత ఇరుకైపోయిందో మీరే అనుకోండి.

ఒక్క లచ్చమ్మతో మాత్రం అందరూ మాట్లాడుతున్నారు. ఆవిడ రాములమ్మకు సొంత చెల్లెలు. మొగుడు పోయాక, పిల్లలు లేక, అక్క పంచన చేరింది. రెండు కిడ్నీలూ చెడిపోయి వారానికి రెండుసార్లు దవాఖానకు వెళ్లి రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంది. ఆవిడతో అందరూ మాట్లాడటమే కాదు, అవసరానికి మించి మంచిగా మాట్లాడుతున్నారు. అసలు అనుమానం రావలసింది అక్కడే. రాలేదు. మనుషుల మీద అనుమానం అనేది లచ్చమ్మకు పుట్టుకతోనే లేదు.

"అప్పుడు అమ్మ కుట్లు ఎండినంక కూడ ఎందుకు కూసున్నవ్ ఇక్కడ?" అన్నాడు వీరేందర్. నిర్మల మొగుడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, అద్దంలోకి చూస్తూ అన్నాడు. రెండు రోజులుగా ఇదే ప్రశ్న. అడిగే చోటే మారుతోంది.

"ఎండినయా? చీము వట్టలే? షుగర్ మనిషాయె, పుండు మానుతదా తొందరగ? గా పరిస్థితిల ఇడిచిపెట్టి విమానం ఎక్కమంటవా?"

"టికెట్ బుక్ చేసి పంపిన. మార్చుకున్నవ్. ఒక్కసారి గాదు."

"నువ్వొచ్చి ఉంటే మార్చుకునేదాన్ని కాదు."

వీరేందర్ దువ్వెన అద్దం మీద పెట్టేశాడు. అంతలో ఇంటి మీదుగా విమానం ఒకటి దిగుతూ వచ్చింది. ఆ చుట్టుపక్కల ఇళ్లలో మనుషులు కొట్టుకుంటున్నా తిట్టుకుంటున్నా విమానం పోయేదాకా ఆగుతారు, పోయాక ఆగిన మాట నుంచే అందుకుంటారు. ఈసారి అందుకున్నది వీరేందర్ కాదు. గోడవైపు తిరిగి పడుకున్న రాములమ్మ.

"ఎవరు రమ్మన్నరు నిన్ను?" అంది, తిరక్కుండానే. "నేను రమ్మన్ననా? సస్తే సద్దును. నీ బండి నీకుండు."

గుండె ఆపరేషన్ అయ్యాక ఈ మనిషి రొమ్ము మీది పుండును పొద్దునా సాయంత్రం నిర్మలే తన చేతులతో కడిగింది. కన్నకూతురైనా ముక్కు మూసుకునే వాసన అది. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు. రాములమ్మ ఆ మాట కోపంతో అనలేదని నిర్మలకు తెలుసు. తన ప్రాణం నిలబెట్టడానికే కోడలి బతుకు పోయిందనే బాధ ఆ ముసలిదాన్ని తినేస్తోంది. తెలిసినంత మాత్రాన మాట గుచ్చుకోకుండా ఉంటుందా?

ఈ గొడవంతా హాస్పిటల్ కాగితాలు కావాలంటూ మొన్న వచ్చిన శేఖర్ ఫోన్‌తో మొదలైంది. శేఖర్ శంషాబాద్‌లో కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంటు. పరాయి దేశంలో కాపురం ఎత్తేసి ఇక్కడికి శాశ్వతంగా వచ్చేసేవాళ్లు తమ ఇంటి సామాను తెచ్చుకోవచ్చు, బండి కూడా తెచ్చుకోవచ్చు. అయితే అంతకుముందు రెండేళ్లూ అక్కడే ఉండి ఉండాలి. మధ్యలో ఇంటికి వచ్చిపోయినా ఆ రోజులన్నీ కలిపి ఆరు నెలలు దాటకూడదు. నిర్మలకు దాటిపోయింది. పాస్‌పోర్టు మీద ముద్రలున్నాయి, దాచడానికి లేదు.

వీరేందర్, నిర్మల ఏళ్ల తరబడి జాంబియా దేశంలో ఉన్నారు. అతను లుసాకాలో బోర్లు వేసే కంపెనీలో రిగ్గు నడిపాడు. ఆవిడ ఆ కంపెనీ కుర్రాళ్లకు మెస్సు పెట్టింది. అక్కడ మెస్సంటే కూర్చున్న చోట వడ్డించడం కాదు. బోరు ఎక్కడ పడితే అక్కడికి అన్నం చేరాలి. అందుకని నిర్మల వ్యాను నడపడం నేర్చుకుంది. మామిడిపల్లిలో స్కూటీ హ్యాండిలు కూడా పట్టనివ్వని ఆడమనిషి, ఎర్రమట్టి దారుల్లో అన్నం గిన్నెలు, పప్పు బకెట్లు వేసుకుని ఒక్కతే వెళ్లి వచ్చేది. ఆ వ్యాను ఇప్పుడు ఓడ దిగి బొంబాయి రేవులో నిలబడి ఉంది. వంట సామాను, ఇంటి సామాను విమానంలో వచ్చి శంషాబాద్ కార్గో గోదాములో పడి ఉన్నాయి.

కొత్తూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనివాళ్లకు మధ్యాహ్నం భోజనం పంపే పని నిర్మలకు ఖాయమైంది. ఒకటో తారీఖుకల్లా బండితో రావాలి, రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామని మేనేజరు ముఖం మీదే చెప్పాడు. కిరాయి బండితో లాగుదామంటే వండే గిన్నెలు కూడా గోదాములోనే ఉన్నాయి. బండి మీద పన్ను కట్టడానికి వాళ్లు సిద్ధమే. పన్ను కడతామన్నా లోపలికి రానివ్వకపోవడమే ఇప్పటి బాధ.

ఇంకో విడ్డూరం వినండి. ఆ రెండేళ్లలో వీరేందర్ ఒక్కసారి కూడా ఇంటి ముఖం చూడలేదు. బండీ సామానూ అతని పేరున ఉంటే అసలు ఈ చిక్కే లేదు. కానీ పెళ్లికి ముందు వీరేందర్ పేరున కొన్న మోటారు సైకిళ్లు రెండూ గుద్దుకుని తుక్కయ్యాయి. నీ పేరున చక్రాలున్నది ఏదీ కొనొద్దు, అచ్చిరాదు అని పంతులు గట్టిగా చెప్పాడు. సముద్రాలు దాటి పోయినా ఆ మాట దాటలేదు వీరేందర్. వ్యాను నిర్మల పేరున కొన్నాడు. దానితో పాటు సామాను కూడా ఆవిడ పేరునే కట్టించాడు.

* * *

శేఖర్ ఆఫీసు శంషాబాద్ బస్టాండుకు దగ్గర్లో, సెల్‌ఫోన్ల దుకాణం పైన ఉంది. శేఖర్‌ది గుంటూరు వైపు. మర్యాదకు లోటు చేయడు, అబద్ధపు ధైర్యమూ చెప్పడు. ఇద్దరికీ టీ తెప్పించాడు. వాళ్లు తాగకపోయినా తప్పుపట్టలేదు.

"పెద్దాఫీసరు గారికి ఆ అధికారం ఉందండి. ఆరు నెలలు దాటినా సరైన కారణం కనపడితే మాఫీ చేయొచ్చు. మీ అర్జీలో అత్తగారికి గుండె ఆపరేషన్ అని రాశాం. బ్రహ్మాండమైన కారణం. ఆవిడ హాస్పిటల్ కాగితాలు తీసుకురమ్మన్నారు. రేపే విచారణ. తెచ్చారా?"

వీరేందర్ నిర్మల వైపు చూశాడు. నిర్మల టీ మీద కట్టిన మీగడ వైపు చూసింది.

కాగితాలున్నాయి. కట్టలు కట్టలున్నాయి. అన్నింటి మీదా రోగి పేరు లచ్చమ్మ.

కొడుకు ఫారిన్‌లో ఉన్నాడని రాములమ్మ ఆరోగ్య కార్డు ఎప్పుడో తీసేశారు. గుండె పట్టేసిందని నిర్మల వచ్చి ఆపరేషన్‌కు చేర్చిన రోజు, ఉచితంగా వైద్యం జరగాలంటే కార్డు కావాలి. కార్డు లచ్చమ్మకుంది. ఇద్దరిదీ ఒక్కటే ముఖం, ఒక్కటే బొట్టు, ఒక్కటే చప్పిడి ముక్కు. లచ్చమ్మే కార్డు తెచ్చి నిర్మల చేతిలో పెట్టింది. కౌంటర్లో పిల్ల పేషెంటు పేరేంటని అడిగితే, లచ్చమ్మ అని చెప్పింది నిర్మలే. మట్టి పిసికి అరిగిపోయిన రాములమ్మ వేళ్లు వేలిముద్రల మిషన్ మీద పడలేదు. ఆ పిల్ల ఫొటో చూసింది, ముఖం చూసింది, సరే అంది. ఆ రోజు నిర్మలకు నెత్తిన పాలు పోసినట్టయింది. అత్త బతికింది. ఇంతకంటే ఏం కావాలనుకుంది.

ఇదంతా వీరేందర్ చెప్పాడు. శేఖర్ మధ్యలో అడ్డురాకుండా విని, చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.

చిన్నమ్మకే ఆపరేషన్ అయిందని మార్చి రాస్తే కుదరదా అని అడిగాడు వీరేందర్. కుదరదన్నాడు శేఖర్. అర్జీలో అత్తగారని ఉంది, ఇప్పుడు మాట మారిస్తే మొదటికే మోసం. ఇంక ఒక్కటే దారి. జరిగింది జరిగినట్టు అఫిడవిట్ రాయాలి. నా కార్డు మీద మా అక్కకు వైద్యం చేయించాం అని లచ్చమ్మ గారు వేలిముద్ర వేయాలి.

"వేస్తే?" అంది నిర్మల.

"వేస్తే మీ కారణం నిలబడొచ్చు. కాకపోతే వాళ్లు దాన్ని హాస్పిటల్‌కు పంపి అడుగుతారు. హాస్పిటల్ వాళ్లు కార్డు ఆఫీసుకు పంపుతారు. ఇంకొకళ్లకు వాడిన కార్డని తేలితే ఆపేస్తారండి. ఆ తర్వాత మీ చిన్నత్తగారి డయాలసిస్ సంగతి నేను చెప్పలేను."

"అన్ని కాగితాలు ఎవరు పంపుతరు, ఎవరు చూస్తరు?" అన్నాడు వీరేందర్. "మస్తు కాగితాలుంటయి వాళ్లకు."

"చూడకపోవచ్చు," అన్నాడు శేఖర్. "చూడొచ్చు కూడా."

మెట్లు దిగుతుంటే వీరేందర్ ఆగాడు. అతని గొంతు అంత మెత్తగా విని నిర్మలకు చాలా రోజులైంది.

"నేనేమన్న కసాయోన్నా నిర్మలా? చిన్నమ్మను ఇడిచిపెడ్తనా? బండి నడిస్తే మనమే పైసలు కట్టి రక్తం కడిగిపిద్దం. బండి లేకపోతే ఏమున్నది మన దగ్గర? మళ్ల నన్ను రిగ్గు కింద పండుకోమంటవా?"

నిర్మల వద్దనలేదు. ఆ మాట దాచి ప్రయోజనం లేదు. వద్దనలేదు. కొత్తూరు రోడ్డు మీద ఆ తెల్ల వ్యాను నడుపుకుంటూ పోతున్నట్టు, తన సంపాదన తన చేతిలో ఉన్నట్టు, ఎవరు రమ్మన్నారని అడిగే ఇంట్లో ఇక ఉండనక్కర లేనట్టు ఎన్నిసార్లు అనుకుందో.

* * *

సాయంత్రం ఇంకా ఎండ ఉండగానే వీరేందర్ టైపు చేయించిన కాగితంతో ఇంటికొచ్చాడు. లచ్చమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఉబ్బిన కాళ్లు ముందుకు చాపుకుని, పక్కింటావిడ కోడలి గురించి తనలో తానే నవ్వుకుంటోంది.

"చిన్నమ్మా, జర ఏలిముద్ర కావాలె."

చదివి వినిపించలేదు. ఎందుకో చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరుస్తాడేమోనని నిర్మల గుమ్మంలోంచి చూస్తూనే ఉంది, తెరవలేదు. ఇంకు డబ్బా మూత తీశాడు.

లచ్చమ్మ చేతులు చీరకు తుడుచుకుంది. బొటనవేలు ముందుకు చాపి, "ఏడ వెయ్యాలె బిడ్డా?" అంది.

ఎందుకని అడగలేదు ఆ మనిషి! ఒక్కమాట, ఇదేంది అని అడిగి ఉంటే నిర్మల చెప్పేసేది. చెప్పేసేదాన్నేనని తర్వాత తనకు తాను ఎన్నోసార్లు చెప్పుకుంది. లోపల గోడవైపు పడుకున్న రాములమ్మకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. మొన్న కార్డు సంగతి చెప్పేద్దామన్న మాట పుట్టినప్పుడు నా చెల్లె గొంతు కోస్తరా అని లేచి కూర్చున్న మనిషి, ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది గానీ కదల్లేదు. ఒకవైపు చెల్లెలు, ఒకవైపు కొడుకు.

వేలిముద్ర చక్కగా పడింది. లచ్చమ్మ తన వేలిని తానే మెచ్చుకున్నట్టు చూసుకుంది.

"అక్కది మిషన్ మీద పడదు. నాది ఎప్పుడన్న పడ్తది," అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

నిర్మల వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. కడగడానికి గిన్నెలేవీ లేవు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

పొద్దున బయలుదేరేటప్పుడు రాములమ్మ లేచి కూర్చుంది. తాను కూడా వస్తానంది. కాగితాలెందుకు, రొమ్ము మీద కోత ఉంది, ఆఫీసర్లకు అదే చూపిస్తానంది. తల్లిని ఏమనాలో తెలియక వీరేందర్ విసుక్కున్నాడు. కోత చూసి బండ్లు వదిలే ఆఫీసు ఎక్కడా లేదన్నాడు. రాములమ్మ మళ్లీ పడుకుంది. లచ్చమ్మ డయాలసిస్‌కు పోయే రోజు అది. ఆవిడ ఎప్పటిలాగే షేర్ ఆటో ఎక్కి, వీళ్లకంటే ముందే వెళ్లిపోయింది. పోతూ పోతూ, మంచిగ మాట్లాడు బిడ్డా, భయపడకు అని నిర్మలకు ధైర్యం చెప్పింది.

* * *

విచారణ గదిలో కూర్చున్న ఆఫీసరు ఆడమనిషి. యాభై ఏళ్లుంటాయి. గద్దించే మనిషి కాదు. నిర్మలను కూర్చోమని, మంచినీళ్ల సీసా ముందుకు జరిపింది. అంత మర్యాద చూసి నిర్మలకు ఇంకా భయమేసింది. తిడితే తిట్టించుకోవడం తేలిక.

"మీ అత్తగారికి గుండె ఆపరేషన్ అయిందని, అందుకే ఆరు నెలలు దాటి ఉండాల్సి వచ్చిందని రాశారు. ఇలాంటివి మేం మాఫీ చేస్తాం, చేయకుండా ఉండం. ఆస్పత్రి కాగితం ఒకటి చూపించండి చాలు."

కవరు వీరేందర్ ఒళ్లో ఉంది. అతను దాన్ని నిర్మల వైపు జరిపాడు. దరఖాస్తు ఆవిడది కాబట్టి ఆవిడ చేత్తోనే ఇవ్వాలని శేఖర్ దారి పొడుగునా చెప్పాడు. నిర్మల కవరు పట్టుకుంది. పైన లోపలి కాగితం తాలూకు ఇంకు మరక కొంచెం అంటింది. ఏడ వెయ్యాలె బిడ్డా అని చాపిన వేలు.

ఈపాటికి లచ్చమ్మ చేతికి సూదులు గుచ్చి ఉంటారు. మిషన్ తిరుగుతూ ఉంటుంది. అది తిరిగినంత కాలమే ఆ మనిషి.

"కాగితాలు లేవు మేడం," అంది నిర్మల.

"పోగొట్టుకున్నారా? నకలు తెచ్చుకోవడానికి గడువిస్తాను."

"పోలేదు. అసలు ఆపరేషనే కాలే. అర్జీల అబద్ధం రాసిన. ఉట్టిగనే వచ్చి ఉన్న మేడం. ఇంటి మీద గాలి మళ్లింది, ఉండిపోయిన."

శేఖర్ తల వంచుకున్నాడు. ఆఫీసరు కలం మూత తీసింది కానీ రాయలేదు. అమ్మా, ఆలోచించి చెప్పండి, ఇలా రాసుకుంటే బండి తిరిగి ఆ దేశం పోవాలి, లేకపోతే ఇక్కడే వేలానికి పోతుంది అని మెల్లగా చెప్పింది. తెలుసునంది నిర్మల. ఆ మాట అనడానికి ఆవిడ గుండె ఎంత గట్టి చేసుకుందో దేవుడికే తెలియాలి. ఆ వ్యాను అద్దాలు తుడిచిన చేతులే అవి.

అంతా అక్కడితో అయిపోయి ఉంటే, పోయింది బండి ఒక్కటే అయ్యేది.

వీరేందర్ కుర్చీలోంచి లేచాడు. నిర్మల చేతిలోంచి కవరు లాక్కుని, లోపలి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆమె భయపడి చెప్తున్నది మేడం. మా అమ్మకు ఆపరేషన్ అయింది. గుండె కోసిన్రు. కార్డు లేకుండె, మా చిన్నమ్మ కార్డు మీద చేపిచ్చినం. ఇగో, ఆమె ఏలిముద్ర."

ఆఫీసరు చదివింది. మొత్తం చదివింది, వెనక్కి తిప్పి కూడా చూసింది. తర్వాత నిర్మలను అడిగింది.

"ఇందులో ఉన్నది నిజమేనా?"

నిర్మల మొగుడి ముఖం చూసింది. వీరేందర్ కళ్లతోనే బతిమాలుతున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆవిడను దేనికీ బతిమాలలేదు. అవునంటే బండి వస్తుందేమో. ఏమో, కాగితాన్ని ఎవరూ చూడకపోవచ్చు కూడా.

"అబద్ధం మేడం," అంది నిర్మల. "ఆమెకు చదువు రాదు. ఏం రాసిందో తెల్వకుండనే ఏలిముద్రేసింది."

అనేశాక గానీ తెలియలేదు, ఆ రెండో మాట మాత్రం అక్షరాలా నిజమని.

ఆఫీసరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడకు కోపం రాలేదు. కోపం వచ్చి కాగితం ముఖాన కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

"చూడండమ్మా. మీరు ఏ కారణమూ లేదంటున్నారు కాబట్టి మాఫీ ఇవ్వలేను. అది మీరు చెప్పినట్టే రాసుకుంటాను. కానీ ఈ కాగితంలో ప్రభుత్వ కార్డు గురించి రాసి ఉంది. నిజమో అబద్ధమో తేల్చడం నా పని కాదు. నా బల్ల మీదకు వచ్చాక దీన్ని చూడనట్టు ఉండటం కూడా కుదరదు. ఆస్పత్రికి పంపించాలి."

"వాపస్ ఇయ్యండి మేడం," అన్నాడు వీరేందర్. గొంతు మారిపోయింది. "వద్దు. అది వద్దు. బండి వద్దు మాకు. కాగితం ఇచ్చేయండి."

పక్కన కూర్చున్న గుమాస్తా అప్పటికే దాని మూల మీద ముద్ర వేసి నంబరు రాశాడు. ఫైల్లో చేరిన కాగితం వెనక్కి ఇవ్వరండీ అని శేఖర్ వీరేందర్ భుజం మీద చెయ్యి వేశాడు. వీరేందర్ ఆ చెయ్యి తీసేశాడు. బండి పోయింది, కాగితం మాత్రం లోపలికి పోయింది. ఒక్కటి దక్కించుకోవడానికి ఇద్దరూ చెరోవైపు లాగారు, రెండూ పోయాయి.

* * *

బయటకొచ్చాక వీరేందర్ కార్గో గేటు దగ్గర ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. లారీలు పోతున్నాయి. దుమ్ము అతని ముఖాన పడుతున్నా తుడుచుకోలేదు.

"నువ్వు అవునని ఉంటే బండన్న వచ్చేది," అన్నాడు.

"నువ్వు ఇయ్యకుంటే చిన్నత్తమ్మ అన్న మిగిలేది."

చిన్నత్తమ్మకు చెప్పాలి గదా అంది నిర్మల. వీరేందర్ తలెత్తలేదు.

"నేను చెప్పలేను. ఆ ఏలు నేను పట్టుకున్న. నాతోని కాదు."

నిర్మల ఒక్కతే ఆటో ఎక్కింది. దారిలో కొత్తూరు మేనేజరు నుంచి ఫోన్ వచ్చింది. బండి సంగతి కనుక్కోవడానికేనని తెలుసు. మోగి మోగి ఆగేదాకా చేతిలో పట్టుకునే కూర్చుంది. ఫ్యాక్టరీ గుర్తొస్తే గుండెలో ఏదో కలుక్కుమంటుందనుకుంది. ఏమీ అనిపించలేదు. దానికే భయం వేసింది ఆవిడకు.

డయాలసిస్ వార్డులో మంచాల వరుస. ప్రతి మంచం పక్కనా ఒక మిషన్, మిషన్లో తిరుగుతున్న ఎర్రటి గొట్టాలు. లచ్చమ్మ చివరి మంచం మీద ఉంది. ఆ వార్డులో ఆవిడను ఎరగనివాళ్లు లేరు. నర్సులతో పరాచికాలాడుతుంది, పక్క మంచం వాళ్ల కష్టసుఖాలు కనుక్కుంటుంది. నిర్మలను చూడగానే ముఖం వెలిగిపోయింది. ఇదిగో మా కోడలు, ఫారిన్‌లో బండి నడిపేది అని పక్క మంచం ఆవిడకు చూపించింది. గొట్టాలు కదలకుండా కాళ్లు జాగ్రత్తగా పక్కకు జరుపుకుని చోటిచ్చింది.

"కూసో బిడ్డా. ఏమన్న తిన్నవా? ముఖం గట్లున్నదేంది?"

నిర్మల మంచం అంచున కూర్చుంది. తినలేదంది. లచ్చమ్మ దిండు కింద తడిమి బిస్కెట్ ప్యాకెట్ తీసి పెట్టింది. వార్డువాళ్లు ఇచ్చిందేనట, తనకు పడదట, నీకోసమే దాచిన అంది. నిర్మల ప్యాకెట్ తీసుకుంది, విప్పలేదు. మాట ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటోంది. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి చేరేది ఈ మంచం దగ్గరికే.

"బండి వస్తే ఇగ నాకు ఆటోల బాధ తప్పుతది," అంది లచ్చమ్మ. "ఆ గుంతలల్ల పోయేసరికి పానం పోతున్నది. నువ్వే తోలుకొస్తవ్ గదా నన్ను? ముందు సీట్ల కూసుంట. అక్కను ఎనక కూసోవెడ్దం, జర ఉడుక్కుంటది."

నిర్మల ఆవిడ చెయ్యి పట్టుకుంది. సూది లేని చెయ్యి. బొటనవేలు గోరు చుట్టూ ఇంకా నీలం రంగు వదల్లేదు.

"బండి రాదు చిన్నత్తమ్మా."

పక్క మంచం మిషన్ ఏదో కూత కూస్తే నర్సు వచ్చి సరిచేసి వెళ్లింది. అప్పుడు లచ్చమ్మ కోడలి చేతిని తానే గట్టిగా పట్టుకుంది. ఓదార్చడంలో ఆ మనిషికి ఆ మనిషే సాటి.

"పోతే పోనీ బిడ్డా. ఏడ్వకు. బండే గదా పోయింది, పానం గాదు గదా."

"బండొక్కటే కాదు చిన్నత్తమ్మా," అంది నిర్మల.

"ఇంకేంది బిడ్డా?" అంది లచ్చమ్మ, ఇంకా నవ్వుముఖంతోనే.